గాలి సంచి మోసిన కాలం

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా లెక్కల సారు మా నాయినను పిలిచి, నా తలకాయలో గాలి తప్ప ఇంకేమీ లేదని చెప్పారు. నాయిన బాధపడ్డాడు. నేను మాత్రం దాన్ని ఉద్యోగ సలహాగా తీసుకున్నాను. ముందు మోత్కూరులో సైకిల్ షాపు పెట్టి చక్రాలకు గాలి కొట్టాను. తర్వాత దవాఖానలకు ఆక్సిజన్ సిలిండర్లు మోశాను. చివరికి, తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు, భువనగిరి బయట పెట్టిన ఒక పరిశోధన కేంద్రంలో చేరాను. ఊపిరితిత్తుల ఫోటోకు కావాల్సిన గాలిని తయారు చేసి, సంచిలో నింపి, రోగి నోటి దాకా మోయడం నా పని. రిటైరయ్యే దాకా అదే చేశాను. లెక్కల సారు ఇప్పుడు లేరు. ఉంటే, ఆ గాలి ఒక్క చుక్క కూడా వృథా పోలేదు సార్ అని చెప్పి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్త పిల్లలు వస్తున్నారు. అందరూ డిగ్రీలున్నవాళ్ళే. మిషన్‌తో పాటు వచ్చిన పుస్తకం వాళ్ళకు నాకన్నా బాగా అర్థమవుతుంది. ఆ పుస్తకంలో లేనివి ఏమైనా ఉంటే చెప్పమని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రాయాలంటే ముందు అవి రావాలి కదా.

బిర్యానీ వచ్చిన మీటింగు

ఎంఆర్ఐ మిషన్ మన ఒంట్లో ఉండే నీళ్ళను చూసి ఫోటో తీస్తుంది. మెదడులో, కాలేయంలో, మోకాలి చుట్టూ నీళ్ళు బాగా ఉంటాయి కాబట్టి వాటి ఫోటో చక్కగా వస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి. అందుకని మామూలుగా ఛాతీని తీస్తే, ఊపిరితిత్తులున్న చోట రెండు నల్లటి గుంతలు కనిపిస్తాయి. కరెంటు పోయిన ఇంటి కిటికీల్లాగా ఉంటాయవి. లోపల మనుషులున్నారో లేరో తెలియదు.

అక్కడ వెలుగు కనిపించాలంటే మిషన్‌కు అందే గాలిని రోగి చేత పీల్పించాలి. మేము వాడింది జెనాన్. రంగు, వాసన లేని వాయువు. మనం రోజూ పీల్చే గాలిలోనే లేశమంత ఉంటుంది. దాని ఒక్కో పరమాణువు ఒక చిన్న దిక్సూచి ముల్లు లాంటిదని భాస్కర్ సార్ నాకు మొదటి వారంలోనే చెప్పారు. ఆయన మా కేంద్రానికి పెద్ద. భౌతికశాస్త్రం చదివిన మనిషి, సొంతూరు ఆలంపూర్ దగ్గర. మామూలుగా సగం ముళ్ళు అటు, సగం ఇటు చూస్తాయని, ఒకదాని బలాన్ని ఇంకొకటి కొట్టేస్తుందని, అందుకే మిషన్‌కు ఏమీ వినిపించదని బోర్డు మీద గీసి చూపించారు. రుబీడియం అనే లోహాన్ని ఆవిరి చేసి, దాని మీద లేజర్ వెలుగు కొట్టి, ఆ ఆవిరిలో జెనాన్‌ను పంపిస్తే చాలా ముళ్ళు ఒక్క దిక్కుకు తిరుగుతాయట. అప్పుడు సంకేతం వేల రెట్లు పెరుగుతుందట.

నేను బోర్డు వైపు చూసి అన్నాను. "సార్, మీటింగుకు లారీలల్ల తెచ్చిన జనం లెక్కనా? సగం మంది అటు జూస్తరు, సగం మంది ఇటు జూస్తరు, స్టేజి మీదాయన ఏం జెప్పినా ఎవ్వనికి పట్టది. బిర్యానీ పొట్లాలు వచ్చినయంటే మాత్రం అందరి మొఖాలు ఒక్క దిక్కే."

సార్ చాక్‌పీసు కింద పెట్టారు. "పొట్లాలు అయిపోయినంక?" అని అడిగారు.

"మళ్ళ ఎవని దిక్కు వాడే సార్."

"గంతే నర్సింహా. నీ నౌకరి అంతా గా పొట్లాలు అయిపోకముందే."

పిల్లలూ, ఈ పనిలో సగం చదువు ఆ ఒక్క మాటలో ఉంది. సంచిలోకి వచ్చిన క్షణం నుంచి ఆ గాలి తన బలాన్ని పోగొట్టుకుంటూనే ఉంటుంది. ముళ్ళు ఒక్కొక్కటే ఇంటిదారి పడుతుంటాయి. ఆక్సిజన్ తగిలితే తొందరగా పోతుంది, ఇనుము దగ్గరికి వస్తే తొందరగా పోతుంది, ఆలస్యం చేస్తే ఎలాగూ పోతుంది. కనుక గాలి నింపే గది నుంచి స్కానింగ్ గదికి సంచి పట్టుకుని నడిచేటప్పుడు పరుగెత్తకూడదు, ఆగకూడదు, దారిలో ఎవరితోనూ ముచ్చట పెట్టకూడదు. మొదటి రెండూ నాకు ఒక్క రోజులో వచ్చాయి. మూడోదానికి ఏళ్ళు పట్టింది.

ఉద్యోగంలోకి తీసుకునే ముందు సార్ నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. గ్యాస్ అంటే భయమా అని. మా ఇంటిది వండే శనగపప్పు అలవాటైనంక ఇంకే గ్యాసుకూ భయం లేదని చెప్పాను. సార్ నవ్వలేదు. కానీ మరుసటి సోమవారం నుంచి రమ్మన్నారు.

గుర్రపు నాడా

ఒకసారి దసరా పోయిన తర్వాత మా గాలికి జబ్బు చేసింది. అన్నీ ఎప్పటిలాగే చేస్తున్నాం, సంచి ఎప్పటిలాగే నిండుతోంది, కానీ ఫోటోలు మసకగా వస్తున్నాయి. సార్ లేజర్ విప్పి చూశారు, బాగానే ఉంది. రుబీడియం ఉన్న గాజు గొట్టం మార్చారు. నేను ప్రతి జాయింటుకూ సబ్బు నురుగు పెట్టి గాలి కారుతోందేమో చూశాను. సార్ అన్నం సరిగా తినడం లేదని వాళ్ళ ఇంటివాళ్ళు నాకు ఫోన్ చేసి అడిగారు కూడా.

చివరికి కింద పడ్డ పెన్ను కోసం వంగితే కనబడింది. గాలి నింపేటప్పుడు సంచిని పెట్టే బల్ల కింద, ఎర్రగుడ్డలో చుట్టి కట్టిన ఒక గుర్రపు నాడా. సరిగ్గా సంచి ఉండే చోటికి కిందనే. మన వైపు కొత్త ఇల్లు కట్టినా, కొత్త కొట్టు పెట్టినా గడపకు నాడా కొట్టడం ఆనవాయితీ కదా. ఆ పాత ఇనుముకు ఎంతో కొంత అయస్కాంతం పట్టి ఉంటుంది. సంచి నిండినంతసేపూ అది కింద నుంచి ముళ్ళను అటూ ఇటూ గెలుకుతూ కూర్చుంది.

ఎవరు కట్టారని సార్ అడిగితే, గదులు ఊడ్చే పెంటమ్మ ముందుకొచ్చింది. ఆయుధ పూజ నాడు మిషన్‌కు బొట్టు కూడా పెట్టనీయలేదని, ఇంత మంది చూసిపోయే మిషన్‌కు దిష్టి తగలకుండా ఉంటుందా అని, తన పుట్టింటి గడప నుంచి ఊడదీసి తెచ్చానని చెప్పింది. భయపడుతూ చెప్పలేదు. మంచి పని చేసినట్టే చెప్పింది.

ఇంకో ఆఫీసరయితే ఆమెను ఆ రోజే ఇంటికి పంపేవాడు. సార్ నాడాను ఆమె చేతికిచ్చి, బజారు నుంచి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తెప్పించి, నూలు దారంతో ఆమె చేతనే తలుపుకు కట్టించారు. "నిమ్మకాయకు అయస్కాంతం పట్టదు పెంటమ్మా. దిష్టి సంగతి అది జూసుకుంటది, గాలి సంగతి మనం జూసుకుందాం" అన్నారు. ఆ తర్వాత గదిలోకి ఎవరు హెయిర్ పిన్నుతో వచ్చినా పెంటమ్మ గుమ్మంలోనే ఆపేది. మెడికల్ కాలేజీ నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరును బెల్టు విప్పించి మరీ లోపలికి పంపింది.

నేను పనిచేసిన పై అధికారుల్లో ఆయన ఒక్కరే తిట్టవలసిన చోట పని నేర్పినవారు. మిగతావాళ్ళ గురించి నేను చెడ్డగా రాయను. వాళ్ళ గురించి రాయడానికి మంచి కూడా గుర్తు రావడం లేదు.

గుంజు, పట్టు, ఇడువు

మా రోగులు చేయవలసిన పని చూడటానికి సులువే. మిషన్‌లో వెల్లకిలా పడుకుంటారు. ఛాతీకి ఒక జాకెట్ కడతాం. సంచికి ఉన్న గొట్టాన్ని నోట్లో పెడతాం. ముక్కుకు క్లిప్పు పెడతాం. సంచిలోని గాలి అంతా లోపలికి పీల్చి, ఫోటో అయ్యేదాకా బిగపట్టి, వదిలెయ్యాలి.

మిషన్‌లో ముందే రికార్డు చేసిన ఒక ఆడ గొంతు ఉండేది. "శ్వాసను నెమ్మదిగా లోనికి తీసుకొని నిలిపి ఉంచండి" అని వార్తలు చదివినట్టు చెప్పేది. మా రోగులు చాలామంది క్వారీల్లో, పత్తి మిల్లుల్లో పనిచేసినవాళ్ళు. వాళ్ళు ఆ మాటలను మర్యాదగా విని, అలాగే పడుకునేవాళ్ళు. ఆ అమ్మ తమతో మాట్లాడుతోందని వాళ్ళకు తోచేది కాదు. నేను ఆ గొంతును ఆపించి మైకులో నేనే చెప్పడం మొదలుపెట్టాను. గాలి గుంజు, గుంజు, గుంజు. పట్టు. ఇడువు. అంతే. నా గొంతు బాగుండదు, కానీ ఎద్దుల బండి నడిపినవాడికి అది తన సొంత భాషలా వినబడుతుంది.

ఇంకొక సంగతి ముందే చెప్పి ఉంచాలి. జెనాన్ బరువైన గాలి. అది లోపల ఉన్నంతసేపు తల కొంచెం తేలికగా ఉంటుంది, గొంతు బొంగురుపోతుంది. వదిలిన వెంటనే మాట్లాడితే సన్నగా ఉన్న ముసలవ్వ కూడా రాక్షస వేషగాడిలా మాట్లాడుతుంది. కొన్ని శ్వాసల్లో అదే పోతుంది. ముందే చెప్పకపోతే భయపడతారు. చెప్తే మళ్ళీ ఒకసారి చేయమంటారు.

సన్నాయి సాయిలు

ఇప్పుడు ఈ రాతకు అసలు కారణమైన మనిషి దగ్గరికి వస్తాను.

సాయిలన్నది మోత్కూరు పక్క ఊరు. ఆ చుట్టుపక్కల ఏ పెండ్లయినా ఆయన సన్నాయి ఉండాల్సిందే. నా పెండ్లికి కూడా ఆయన మేళమే. తాళి కట్టే సమయానికి నేను ఎక్కడ పారిపోతానోనని మా మామ మేళంవాళ్ళను నాకు రెండు పక్కలా కూర్చోబెట్టాడు.

ఒక ఏడాది నుంచి ఆయనకు ఆయాసం. మెట్లెక్కితే ఆయాసం, మంచంలో పడుకుంటే పిల్లికూతలు, సన్నాయి అందుకుంటే సగం పాటకే దమ్ము చాలడం లేదు. ఎక్స్-రే తీస్తే బాగానే ఉంది. గొట్టంలో గట్టిగా ఊదే పరీక్ష పెడితే అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఒక డాక్టరు ముసలితనమన్నాడు, ఇంకొకాయన మనసులో భయమన్నాడు. మేళంలో కుర్రవాళ్ళు ఆయన ముందే క్యాసియో కీబోర్డు కొందామని మాట్లాడుకుంటున్నారు.

ఆయన తన భార్య యాదమ్మక్కతో వచ్చాడు. ఆమె చంకలో తువ్వాల్లో చుట్టిన సన్నాయి ఉంది. దవాఖానకు సన్నాయి ఎందుకక్కా, డాక్టరమ్మకు పెండ్లి కుదిరిందా అని నేను పరాచికమాడాను. ఆమె నవ్వలేదు.

"ఫోటోల ఊపిరితిత్తులు పోయినయని వస్తే, పొయ్యేటప్పుడే తొవ్వల ఇంకో మేళపాయనకు ఇచ్చిపోతడంట. మాటిచ్చిండు. ఇంట్ల కండ్ల ముంగట ఉంటే పానం కొట్టుకుంటదంట" అంది.

సాయిలన్న అటు తిరిగి భువనగిరి గుట్ట చూస్తున్నాడు. ఆ సన్నాయి వాళ్ళ తాత ఊదినది.

మాకు రోగులను చూసే డాక్టరు నస్రీన్ మేడం. చిన్న వయసు, పెద్ద ఓపిక. ఆమె ఆయన ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. ఊపిరి ఎంత లోపలికి పోతోంది, ఎక్కడ ఆగిపోతోంది ఈ ఫోటోలో తెలుస్తుందని, తెలిస్తే మందు ఉందో లేదో చెప్పగలనని అన్నది.

మామూలుగా ప్రతి రోగికీ ముందు ఉత్త గాలి సంచితో సాధన చేయిస్తాం. ఆ రోజు చేయించలేదు. భాస్కర్ సారే వద్దన్నారు. జీవితమంతా ఊపిరితో బతికిన విద్వాంసుడికి గాలి పీల్చడం మనం నేర్పుతామా అన్నారు. నాకు కూడా అది నిజమే అనిపించింది. ముక్కుకు క్లిప్పు పెట్టబోతే సాయిలన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ముక్కు మూస్తే తనకు ఊపిరాడదన్నాడు. అదీ వదిలేశాం. పెద్దమనిషి, పోనీ అనుకున్నాం.

గాలి నింపాను, నడిచాను, ఆగలేదు, ఎవరితో మాట్లాడలేదు. గొట్టం ఆయన నోట్లో పెట్టి, చలి వేయకుండా ఆయన మీదా సంచి మీదా దుప్పటి కప్పి, మైకు దగ్గరికొచ్చి చెప్పాను. ఛాతీ చక్కగా లేచింది. బిగపట్టాడు. అంత నిశ్చలంగా పడుకున్న రోగిని నేను చూడలేదు. మిషన్ టకటకలాడి ఆగింది.

కంప్యూటర్ మీద ఫోటో వచ్చింది. రెండు ఊపిరితిత్తులూ నల్లగా ఉన్నాయి. అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క తప్ప అంతా చీకటే. సిమెంటు మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేసినవాడి ఫోటో కూడా అలా రాలేదు.

సార్ కళ్ళద్దాలు తీసేశారు. నస్రీన్ మేడం కుర్చీలో వెనక్కి వాలింది. కిటికీ అవతల యాదమ్మక్క నిలబడి ఉంది. ఆమె ఫోటో చూడటం లేదు, నా ముఖం చూస్తోంది. నా జన్మలో మొదటిసారి నా నోట్లో జోకు లేదు. ఆమెకు అదే జవాబైపోయింది.

సాయిలన్న బయటికొచ్చి మా ముఖాలు చూసి, చెప్పులు వేసుకున్నాడు. "నాకు ఎరుకే. పోదాం పా యాదమ్మా, ఆ మేళపాయన ఎదురుజూస్తుంటడు" అన్నాడు. ఆమె సన్నాయిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

బుగ్గల్లో జెనాన్

వాళ్ళు గేటు దాకా పోయారు. నేను నిలబడ్డచోటే ఉన్నాను. అప్పుడు నస్రీన్ మేడం పిలిచింది.

"నర్సింహా, సంచి ఖాళీ అయిందా?"

చూడలేదు. పోయి దుప్పటి తీశాను. సంచి పూరీ లెక్క పొంగి ఉంది. చేతిలో పట్టుకుని వస్తుంటే మేడం ఫోటోను పైకి జరిపి చూస్తోంది. మెడ దాటిన తర్వాత, ఫోటో అంచున, నోరుండే చోట తెల్లగా మెరుస్తోంది. మిషన్‌లో అంత మెరుపు మేం ఎప్పుడూ చూడలేదు.

"గాలి లంగ్స్‌ల లేదు. బుగ్గలల్ల ఉంది" అన్నది మేడం.

భాస్కర్ సార్ కూర్చున్నవారు లేచారు. నేను గేటు దగ్గరికి ఉరికాను. పరుగెత్తకూడదన్న నియమం సంచికే గాని నాకు కాదు కదా.

సన్నాయి ఊదేవాళ్ళ సంగతి మీరు గమనించారో లేదో. పాట మధ్యలో ఆపి ఊపిరి తీసుకోరు. బుగ్గల్లో గాలి దాచుకుని, దాన్ని నెమ్మదిగా సన్నాయిలోకి నెడుతూ, అదే సమయంలో ముక్కుతో కొత్త గాలి తీసుకుంటారు. పాట తెగదు. సాయిలన్నకు అది చిన్నప్పుడు వాళ్ళ తాత నేర్పిన విద్య. ఇప్పుడది విద్య కాదు, ఒళ్ళు. నోట్లో గొట్టం పెట్టగానే ఆయన ఒళ్ళు దాన్ని సన్నాయి అనుకుంది. మా జెనాన్ గుటకెడు బుగ్గల్లో దాచుకుని, ముక్కుతో మామూలు గాలి పీల్చి ఛాతీ నింపుకున్నాడు. మామూలు గాలి మిషన్‌కు కనబడదు. ఊదే పరీక్షలో అంకెలు ఎందుకు తప్పాయో కూడా మేడంకు అప్పుడే అర్థమైంది. ఉన్న గాలంతా ఒక్కసారి వదలమంటే, అలా వదలకూడదని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నవాడు ఎలా వదులుతాడు?

ఆయనను వెనక్కి తీసుకొచ్చి సంగతి చెప్పాం. ఆయన సిగ్గుపడి బుగ్గలు తడుముకున్నాడు. మళ్ళీ చేద్దామని, ఈసారి అందరిలా పీల్చమని సార్ అన్నారు.

"అందరెట్ల పీలుస్తరు సార్?" అని అడిగాడు సాయిలన్న. నిజంగానే అడిగాడు.

అక్కడే మా విద్యలన్నీ అయిపోయాయి. ఉత్త గాలి సంచి ఇచ్చి సాధన మొదలుపెట్టాం. ప్రతిసారీ బుగ్గలు ఉబ్బుతున్నాయి. ముక్కుకు క్లిప్పు పెడితే కంగారుపడి గొట్టం ఊసేస్తున్నాడు. బావిలో దూకేటప్పుడు పీల్చినట్టు పీల్చన్నా అన్నాను. ఈత రాదన్నాడు. మిరపకాయ కొరికినట్టు అన్నాను. ఆయన మిరపకాయలు నవ్వుతూ తినే మనిషట. సార్ బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ గీశారు. దానివల్ల సార్‌కు మనశ్శాంతి తప్ప ఇంకేమీ రాలేదు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని చూస్తున్న యాదమ్మక్క, సాయిలన్నతో అంది. "నిన్న సర్పంచ్ మీటింగుల ఏం జేసినవ్?"

"ఏం జేసిన?"

"మూతి మూసుకుని ఆవులించలేదా? గట్లనే ఆవులించు. ఆవులింతను బుగ్గలల్ల దాసుకునుడు నీ తాతకు గూడ రాదు."

నస్రీన్ మేడం ఆమె వైపు చూసి, సరిగ్గా అదే కావాలంది. ఆవులిస్తే గొంతు తెరుచుకుంటుంది, గాలి నేరుగా లోపలికి పోతుంది. కానీ చెప్పగానే ఆవులింత ఎవరికి వస్తుంది? నేను ఆయన ఎదుట నిలబడి ఆవులించి చూపించాను. నన్ను చూసి యాదమ్మక్కకు వచ్చింది. ఆమెను చూసి మేడంకు వచ్చింది. తలుపు దగ్గర పెంటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆవులించింది. అందరం సార్ వైపు చూశాం. విదేశాల్లో చదువుకున్న భౌతికశాస్త్రవేత్త ఒక క్షణం తటపటాయించి, రెండు చేతులూ పైకి లేపి, నోరు పూర్తిగా తెరిచి, చప్పుడుతో ఆవులించారు. దాంతో సాయిలన్న తట్టుకోలేకపోయాడు. గొట్టం మీద పెదాలు మూసుకునే ఉన్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంచి ఒక్కసారి చప్పబడిపోయింది.

ఇక ఆలస్యం చేయలేదు. క్లిప్పు మెల్లగా పెట్టించుకున్నాడు. నేను అసలు గాలి తెచ్చాను. ఈసారి మైకులో గుంజు, పట్టు అనలేదు. మైకు దగ్గర నిలబడి పెద్దగా ఆవులించాను. ఈసారి సంచి మీద దుప్పటి కప్పలేదు, అద్దంలోంచి దాన్ని చూసుకుంటూనే ఉన్నాను. అది ఎండిన ఆకులా ముడుచుకుపోయింది.

కంప్యూటర్ మీద కిటికీల్లో దీపాలు వెలిగాయి. రెండు ఊపిరితిత్తులూ పైనుంచి కింద దాకా వెలుగుతున్నాయి. మధ్యలో కొన్ని చోట్ల మాత్రం నల్లటి మచ్చలున్నాయి. లోపల గొట్టాలు బిగుసుకుపోయి గాలి పోని చోట్లు అవేనని మేడం చూపించింది. పీల్చే మందు ఇప్పించి, కొంతసేపు కూర్చోబెట్టి, ఇంకొక సంచితో మళ్ళీ తీసింది. మచ్చలు చాలావరకు నిండిపోయాయి. ఇది ఉబ్బసం లాంటిదేనని, ఆలస్యంగా వచ్చిందని, రోజూ మందు పీలిస్తే విప్పుకుంటుందని చెప్పింది.

సాయిలన్న ఇంకా మిషన్‌లోనే ఉన్నాడు. గాలి అప్పుడే వదిలాడు. లోపల నుంచి పాతాళంలోంచి వచ్చినట్టు ఒక గొంతు వచ్చింది. "యాదమ్మా, ఏమన్నరు?"

యాదమ్మక్క ఆ గొంతు విని ముందు అదిరిపడింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "పోలేదంట. ఉన్నయంట. జర గీ గొంతుతోనే ఇంటికి రా, కోడండ్లన్న భయపడతరు" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సన్నాయిని బల్ల మీద పెట్టింది. వచ్చినప్పటి నుంచి అది ఆమె చంక దిగడం అదే మొదటిసారి.

కొత్త పిల్లలకు ఇక్కడ చెప్పేది ఒకటుంది. ఫోటో నల్లగా వస్తే ముందు రోగిని అనుమానించకండి. సంచి చూడండి, ముక్కు చూడండి, బుగ్గలు చూడండి. ఎంత గొప్పవాడయినా సాధన చేయించండి. గొప్పవాడయితే ఇంకా ఎక్కువ చేయించండి. ఆయనకు వచ్చిన విద్యే మనకు అడ్డం పడవచ్చు. మనం ఎన్ని లేజర్లు పెట్టి ఎన్ని ముళ్ళు ఒక్క దిక్కుకు తిప్పినా, చివరి మూరెడు దూరం ఆ గాలి పోయేది ఒక మనిషి గొంతులోంచే.

ఆ తర్వాత

నా రిటైర్మెంటు రోజు కేంద్రం ముందు షామియానా వేశారు. సాయిలన్న మేళంతో వచ్చాడు. పీల్చే మందు డబ్బా జేబులో, సన్నాయి చేతిలో. పాట తెగకుండా ఎంతసేపు ఊదాడంటే, ప్రసంగం చేయాల్సిన పెద్దమనిషి మైకు పట్టుకుని నిలబడి నిలబడి కూర్చున్నాడు. ఆ రోజు అందరూ అందుకు సాయిలన్నకు మనసులో దండం పెట్టుకున్నారు. క్యాసియో కూడా వచ్చింది గాని, మూలకు ఉండింది.

రిటైరయ్యాక ఇంట్లో ఉండలేకపోయాను. రోజూ పొద్దున చాయ్ తాగే నెపంతో కేంద్రం దగ్గరికి పోయేవాణ్ణి. నా చోట్లోకి వచ్చిన అమ్మాయికి సంచి ఎలా పట్టుకోవాలో, ఎటువైపు నుంచి నడవాలో చెప్తూ ఉండేవాణ్ణి. ఆ అమ్మాయి మంచిది, అన్నీ తెలిసినా వింటున్నట్టు తల ఊపేది. ఒకరోజు సాయిలన్న చెకప్‌కు వచ్చాడు. నేను ఆ అమ్మాయికి గాలి సంచి గురించి చెప్తూ మధ్యలో ఆయనను చూపించి, ఈ పెద్దమనిషే బిడ్డా, ఖరీదైన గాలిని బుగ్గల్లో దాచుకున్న దొంగ అని పరిచయం చేశాను.

ఆయన చెప్పులు విడిచి, పెంటమ్మకు నమస్కారం పెట్టి, తీరిగ్గా నా వైపు తిరిగాడు.

"నేను గుటకెడు గాలి దాసుకున్న నర్సింహా, వాళ్ళడిగితే ఇడిసిన. నువ్వు నౌకరి మొత్తం బుగ్గలల్ల పెట్టుకుని తిరుగుతున్నవ్. ఆ పిల్లకు ఎన్నడిడుస్తవ్?"